బూడిదనీళ్ల రుచి

మా నాయిన నూలు నానబెట్టుడు వయసు మీదపడి మానేసిండని మా చుట్టాలందరు చెప్తరు. ఆయన పోయిననాడు గూడ అదే మాట. అబద్ధం. మాన్పించింది నేను.

నూనె పట్టించిన నూలుతోని నేసే తేలియా రుమాళ్లకు ఆ నూలు తయారుచేసుడు ఆయన పని. ఆముదం కాయల పొట్టు కాల్చి, ఆ బూడిదను నీళ్లల్ల కలిపి తేర్చి, నూనె పోసి, నూలును రోజుల తరబడి అందుల నానబెట్టాలె. అప్పుడే రంగు పట్టుకుంటది. బూడిదనీళ్ల ఘాటు సరిపోయిందో లేదో ఆయన వేలు ముంచి, నాలుక మీద పెట్టుకొని చెప్పేటోడు. నల్లగొండల కెమిస్ట్రీ పాఠాలు చెప్పే నాకు అది చూస్తే ఒళ్లు మండేది. ఒకసారి కాలేజీ నుంచి, ముంచితే రంగు మారి ఘాటు ఎంతో అంకెల్ల చెప్పే పీహెచ్ కాగితాలు తెచ్చిన.

"నాలుక కాల్చుకునుడు ఇగ బంద్ చెయ్యి నాయినా. ఇది సైన్సు."

ఆయన ముందుగాల రుచి చూసి "సాలు" అన్నడు. తర్వాత కాగితం ముంచిండు. ముదురు నీలం.

"నా నాలుక చెప్పిందే నీ కాగితం చెప్పింది. ఎవరికి ఎవరు సాక్షి బిడ్డా?"

"ఫిలాసఫీ చెప్పకు," అన్న. గెలిచిన అనుకున్న.

కరోనా వచ్చిపోయినంక ఆయన నాలుకకు ఉప్పు, కారం తెలువకుండ అయింది. నెలలు గడిచినా రుచి తిరిగి రాలేదు. అయినా ఒకనాడు గోలెంల బూడిదనీళ్లు కలిపిండు. వేలు నోట్లె పెట్టుకున్నడు. మళ్లొకసారి పెట్టుకున్నడు. నా దిక్కు చూసిండు.

నేను కాగితం ముంచిన. "పన్నెండు, నాయినా."

"పన్నెండైతే సాల్నా?"

"నాకేం ఎరుక? అది నీ పని."

"జర నువ్వు నాలుక మీద పెట్టి చెప్పు."

"పిచ్చి లేసిందా? నోరు పొక్కుతది!"

ఆయన గోలెం వంచి నీళ్లన్నీ వాకిట్ల పారబోసిండు. మళ్ల పొట్టు కాల్చలే.

ఆయన నాలుక మంచిగున్న రోజులల్ల ప్రతిసారీ పక్కన కూసొని, ఆయన "సాలు" అన్నప్పుడల్లా కాగితం ఏం చూపిందో రాసుకోవల్సింది. సైన్సంటే అది. ఎంత అన్నది కాగితం చెప్తది. ఎంతైతే సాలో చెప్పేది మనిషి. నేను కాగితాలు తెచ్చిచ్చి దబాయించిన, అంతే. మొదటిసారి ముంచిననాటి అంకె గూడ రాసిపెట్టుకోలే.

నలభై ఏండ్లు రుచి చూసిన మనిషి. నా నాలుకకు మంట తప్ప ఇంకేం తెలువదని ఆయనకు తెలువదా? తెలిసీ నన్నెందుకు రుచి చూడమన్నడు?