వదిన కొలిచిన కబురు

మా వదిన కబురును కూడా గింజల్లాగే చేత్తో కొలిచేది. ముందే తెలిసిన మాటయితే ఖాళీ గుప్పిట చూపేది. ఊహించని మాటయితే దోసిలి పట్టేది.

ఒక ఏడు వేరుశనగ విత్తనం ఒక్క మూటే మిగిలింది. నేలలో తడి లేకుండా వేస్తే అదీ పోతుంది. అరవయ్యో ఏట అక్షరాలు నేర్చిన పొగరుతో, ఫోనుకు వచ్చిన వాతావరణ సమాచారాన్ని కూడబలుక్కుని చదివాను. వాన పడవచ్చు, పడకపోవచ్చు అని ఉంది.

వదిన గుప్పిట చూపింది. "ఇంతసేపు చదివినావే, ఇది మన ఎద్దుకూ తెలుసు గదప్పా!"

అంతలో గొర్రెల కాపరి మా చేను వైపు నుంచి తడిసిన కంబళితో వచ్చాడు. వదిన దోసిలి పట్టి, వెంటనే మూట విప్పబోయింది.

"వాన గాదక్కా, బోరు కాడ ఉతుక్కొచ్చినా."

వదిన ముడి బిగించింది. "నువ్వు కంబళి ఉతికినావా? వానకంటే ఇదే పెద్ద కబురు!"