సర్కిల్లో గునుగు పూలు

రోజుకు ఆరు వేల కుండీలకు నీళ్లు పెట్టడం లింబాద్రి పని. షార్జా ఊరి బయట, ధైద్ వెళ్లే దారిలో ఉంది ఆ నర్సరీ. తెల్లవారకముందే పైపు పట్టుకుంటే, ఎండ నెత్తికెక్కేసరికి సగం వరుసలు అవుతాయి. కలుపు తీయడమూ అతని పనే. అలాంటి మనిషి 2023 జూలై చివర్లో, నీడవల కింద మూల వరుసలో, కలుపు మొక్కను పనిగట్టుకుని విత్తాడు.

ఆ మొక్క గునుగు. నిజామాబాద్ పల్లెల్లో వానలు పడగానే మొక్కజొన్న చేలల్లో దానంతటదే మొలుస్తుంది. రైతు దాన్ని తిట్టుకుంటూ పీకుతాడు. బతుకమ్మ పండుగ వచ్చిందంటే అదే రైతు గట్లు పట్టుకుని వెతుకుతాడు. పూలు కోసుకొచ్చేది ఇంటి మగవాళ్లు, పేర్చేది ఆడవాళ్లు. లింబాద్రికి కూతురి కోసం ఆ వంతు ఎన్నడూ రాలేదు. కూతురు మంజులకు మూడేళ్లప్పుడు అతను షార్జా వచ్చాడు. పందొమ్మిదేళ్లయింది. రెండేళ్లకోసారి దొరికే సెలవు ఎప్పుడూ ఎండాకాలంలోనే పడేది. మంజుల బతుకమ్మకు గునుగు తెచ్చింది మేనమామే.

ఇప్పుడు మంజుల కూడా షార్జాలోనే ఉంది. భర్త ప్రమోద్ లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తాడు. అల్ నహ్దాలో ఒక గది తీసుకుని జనవరిలో భార్యను తెచ్చుకున్నాడు. సెలవురోజు లింబాద్రి లేబర్ క్యాంపు నుంచి బస్సెక్కి కూతురింటికి అన్నానికి వెళ్తాడు.

జూన్‌లో అలా వెళ్లినప్పుడు పండుగ మాట వచ్చింది. "ఈడ అందరు చామంతులు కొని పేరుస్తరట బాపూ. గునుగు లేకుంటే అదేం బతుకమ్మ?" అంది మంజుల, చారు వడ్డిస్తూ. అక్కడితో ఆగలేదు. "నువ్వైతే ఒక్కనాడన్న నాకు పువ్వు తేలేదు" అని నవ్వింది.

నవ్వుతూనే అంది. లింబాద్రి మాత్రం చేతిలో ముద్దను పళ్లెంలోనే పెట్టాడు.

"ఈసారి నేనే తెస్త బిడ్డా."

"యాడికెళ్లి? ఇసుకలకెళ్లా?"

"మామ మాటిచ్చిండంటే అయిపోయినట్టే" అన్నాడు ప్రమోద్. "లేకుంటే మనం ప్లాస్టిక్ పువ్వులు కొందాం తీయ్."

ఊళ్లో లింబాద్రి భార్య కిష్టవ్వ నిరుడు ఎండబెట్టిన గునుగు కంకుల్ని దులిపి, పిడికెడు విత్తనం మూటగట్టింది. లింబాద్రితో ఒకే గదిలో ఉండే ఆశన్న సెలవు నుంచి తిరిగొస్తూ దాన్ని మామిడి తొక్కు సీసాతో పాటు మోసుకొచ్చాడు.

నర్సరీలో కలుపును బతకనివ్వరు. ఎవరి కంటబడినా పీకేస్తారు. అందుకని లింబాద్రి మొలకల్ని కంపెనీ నల్ల కుండీల్లోకి మార్చాడు. పక్క వరుసలో కోడిజుట్టు పూల మొక్కలుండేవి. వాటి పేరు రాసిన చీటీలు కొన్ని తెచ్చి వీటికీ గుచ్చాడు. చీటీ ఉన్న మొక్కను ఎవరూ ముట్టరు. సెప్టెంబరు చివరికి మూడు వందల నలభై కుండీలు మోకాలెత్తు లేచాయి. అక్టోబరులో తెల్లటి కంకుల కొనలు గులాబీ రంగు తిరిగాయి.

చీటీ ఉన్న మొక్కను లారీ ఎక్కిస్తారన్న సంగతి అతనికి తట్టలేదు.

పెద్ద బతుకమ్మ ఆదివారం. ఆ ముందు సోమవారం నర్సరీ మేనేజరు, అందరూ ముదీర్ అని పిలిచే అర్షద్ వరుసలు చూస్తూ మూల దాకా వచ్చాడు. ముల్తాన్ మనిషి, మాట తక్కువ. మున్సిపాలిటీ కోసం వాళ్ల కంపెనీ పూలు నాటే అల్ నహ్దా సర్కిల్‌కు మొక్కలు తక్కువ పడ్డాయి. ఇక్కడేమో పూత మీదున్నవి కనిపించాయి.

"అరె లింబా భాయ్, యే కబ్ తయార్ హువా? యల్లా, సబ్ గాడీ మే డాలో!" అని, అన్నీ లారీ ఎక్కించమన్నాడు.

ఇవి కలుపు అని చెబితే అప్పుడే చెత్తలో పోస్తారు. లింబాద్రి కుండీలు లారీకెత్తాడు. మధ్యాహ్నానికి సర్కిల్లో మోకాళ్ల మీద కూర్చుని మూడు వందల నలభై మొక్కల్నీ తన చేత్తోనే నాటాడు. నాటాక అవి ఊరి పూలు. తెంపితే జరిమానా.

బుధవారం మంజుల ఫోన్ చేసింది.

"బాపూ! మా సర్కిల్ కాడ గునుగు పెట్టిండ్రు. గవి పెట్టింది నువ్వేనా?"

"నేనే."

"నాకు తెస్తనంటివి, సర్కారుకు ఇచ్చినవా?" అని పకపకా నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపి, "పోనీ తీ బాపూ. బస్సులకెళ్లి చూసి దండం పెట్టుకుంట" అంది.

తిట్టినా అంత బాధ ఉండేది కాదు. మర్నాడు లింబాద్రి అర్షద్ గదికి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. తనకొచ్చిన హిందీలో మొదట పని మాట చెప్పాడు: మొదటి పూత కత్తిరిస్తే మొక్క పక్కలకు కొమ్మలేస్తుంది, ఒక కంకి ఉన్నచోట నాలుగు వస్తాయి. అది తోటపనిలో ఉన్న మాటే.

"మూడు రోజుల కింద నాటి, అప్పుడే కోతా?" అన్నాడు అర్షద్. "సర్కిల్ బోసిగా కనిపిస్తే మున్సిపాలిటీ ఇంజనీరు నన్ను తింటాడు. సచ్ బోలో."

లింబాద్రి నిజం చెప్పాడు. విత్తనం, చీటీలు, కూతురు, పండుగ. అర్షద్ అంతా విని సొరుగులోంచి వార్నింగ్ కాగితం తీసి, తప్పుడు చీటీ పెట్టినందుకని రాసి, సంతకానికి ముందుకు జరిపాడు. లింబాద్రి సంతకం చేశాడు. పందొమ్మిదేళ్లలో అతని ఫైల్లో అదే మొదటిది.

"బయటి వరుసలు ముట్టుకోవద్దు. లోపలివే కొయ్యి. శనివారం, నా ముందర" అన్నాడు అర్షద్. కాగితం మడుస్తూ, "కోసింది చెత్త, కచరా. కచరా ఎక్కడికి పోతుందో నేను రాసుకోను. ఖలాస్" అన్నాడు.

ఆదివారం సాయంత్రం మంజుల ఉండే బిల్డింగ్ వెనక పార్కింగులో కార్లు తీయించి ఆడవాళ్లు అరవై మంది దాకా చేరారు. మంజుల తండ్రి తెచ్చిన గునుగు కంకుల్ని కొన్ని తెల్లగానే ఉంచి, కొన్నింటికి గులాబీ, నీలం రంగులు అద్దింది. తంగేడు చోట చామంతులు పెట్టి తొమ్మిది వరుసలు పేర్చింది. పక్క బతుకమ్మల వాళ్లు వచ్చి తలా గుప్పెడు గునుగు అడిగి తీసుకెళ్లారు. లింబాద్రి మగవాళ్లతో పాటు గోడ దగ్గర నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ల కూతురు బతుకమ్మ ఆడుతుంటే చూడడం అదే మొదటిసారి.

చెరువు లేదు కాబట్టి పిల్లలు ఆడుకునే గాలి నింపే తొట్టిలో నీళ్లు పోసి బతుకమ్మల్ని అందులో వదిలారు. అందరూ సద్దులు పంచుకుంటుంటే లింబాద్రి తొట్టి పక్కన కూర్చుని, ముదిరిన గునుగు కంకులు ఏరి సంచిలో వేసుకున్నాడు.

"మళ్లెందుకు మామా?" అన్నాడు ప్రమోద్.

"విత్తనానికి."

మూడు వారాలకు సర్కిల్ లోపలి మొక్కలు కొమ్మలేసి, బయటి వాటికన్నా గుబురుగా పూశాయి. అటుగా వచ్చిన ఇంజనీరు ఫొటో తీసుకుని, ఈ రకమే కావాలని నర్సరీకి రాశాడు. వార్నింగ్ కాగితం ఫైల్లోనే ఉండిపోయింది. వచ్చే సెప్టెంబరుకు ఆర్డరు పన్నెండు వందల మొక్కలు.