అత్తమ్మ వేలికి సరిపోయిన సీసా

మా రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మారిన 1973లోనే నాకు ఆడపిల్ల పుట్టింది. మూడు నెలల సెలవు తీరాక కమఠాణ బడిలో నా పంతులమ్మ ఉద్యోగానికి తిరిగి వెళ్లాను. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకు బీదర్‌లో ఇంటి దగ్గర మా అత్తమ్మ పాపకు సీసాతో పాలు పట్టేది. మొదటి నెలలోనే పాపకు మూడుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. మా ఇరుకు మెడ గాజు సీసా అడుగున పాల జిడ్డు మిగిలిపోతోందని అప్పుడు కనిపెట్టాను. అత్తమ్మకు చూపు మందం. ఆ జిడ్డు ఆమెకు కనబడదు.

శనివారం ఆమెను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాను. ఆమె ప్రతి సీసాలోనూ చూపుడువేలు దూర్చి చూసింది.

"బిడ్డ నోరు సూసి సీసా కొంటరు గని, ముసలమ్మ వేలు సూసి కొంటరా అమ్మా?" అని దుకాణదారు నవ్వాడు.

"తాగేది పోరి, కడిగేది నేను," అంది అత్తమ్మ. "కండ్లు సరిగ కనవడయి బిడ్డా. సాఫ్ అయిందో లేదో నా వేలికే ఎరుక."

చివరికి పడవ ఆకారపు సీసా ఒకటి దొరికింది. దానికి ఒక కొనకు పాలపీక, రెండో కొనకు రబ్బరు మూత. రెండూ తీస్తే ఇటు నుంచి ఒక వేలు, అటు నుంచి ఒక వేలు వెళ్లి మధ్యలో కలుస్తాయి. అదే కొన్నాం.

రోజూ బడి నుంచి రాగానే సీసాను వెలుతురుకు ఎత్తి చూసేదాన్ని.

"ఇంకా భరోసా లేదా నీకు?" అని ఆమె మూతి ముడిచేది.

వరుసగా పదకొండు రోజులు సీసా శుభ్రంగానే ఉంది, పాపకు విరేచనాలూ లేవు. పన్నెండో రోజు సీసా చూడకుండానే పాపను ఎత్తుకున్నాను.