పంతొమ్మిదో హీలియం

పొద్దున్నే ల్యాబుకు రాగానే పంపక్క ఎవరినీ పలకరించదు. ముందు వాక్యూమ్ పంపుకు చెవి ఆనించి, అది రోజూలాగే గొణుగుతోందని నిర్ధారించుకున్నాకే మనుషుల వంక చూస్తుంది. పదకొండేళ్ళుగా అక్కడ టెక్నీషియన్ కాబట్టి అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

అక్కడి పని మరీ అర్థంకానిదేమీ కాదు. విపరీతమైన చలిలో ఉన్న హీలియం బొట్టు మీదికి ఒక లోహపు పరమాణువును వదులుతారు. హీలియం ఎవరితోనూ కలవని రకం. ఆ వచ్చినదాన్ని పట్టించుకోదు, అది అంచునే వేలాడుతుంది. అదే పరమాణువుకు కాస్త చార్జ్ వచ్చిందా, బొట్టు లోపలికి దిగిపోతుంది, పన్నెండు హీలియంలు చుట్టూ చేరి కరుచుకుని కూర్చుంటాయి. శాఖాధిపతిగా కొత్తగా చార్జ్ తీసుకున్న ప్రొఫెసర్ గారి గదిలోకి తొంగిచూస్తే ఇదంతా వేరే పాఠం చెప్పక్కర్లేదు.

ఈసారి బరువులు తూచే యంత్రం గీసిన బొమ్మలో పన్నెండు హీలియంలతో పాటు పంతొమ్మిది దగ్గరా గీత నిటారుగా లేచింది. పంతొమ్మిది హీలియంల గుంపు కొత్తగా దొరికిందని ప్రొఫెసర్ గారు మురిసిపోయి వ్యాసం రాసి పత్రికకు పంపేశారు. పంపక్కకు మాత్రం మనసులో ముల్లు గుచ్చుకుంది. హీలియం బరువు నాలుగు, ఏడు హీలియంలు ఇరవై ఎనిమిది. గాలిలో ఉండే నైట్రోజన్ అణువు బరువూ అంతే. అంటే పన్నెండు హీలియంలకు ఒక నైట్రోజన్ తోడైతే పంతొమ్మిదిలా కనిపిస్తుంది. యంత్రం అతుకులన్నిటికీ కుంచెతో స్పిరిట్ రాసి చూసింది. ఒక్కచోట లోపలి ఒత్తిడి చూపే మీటరు ముల్లు ఎగిరిపడింది. గాలి దూరుతోంది.

ఆమె ఉద్యోగాన్ని ఏడాది పొడిగించే కాగితం అప్పటికే వారం నుంచి ఆయన బల్ల మీద సంతకం కోసం పడి ఉంది.

"చెబితే నీకేం ఒరుగుతుందే?" అంది ఆ రాత్రి ఇంట్లో సంగతంతా విన్న అత్తగారు.

"ఏమీ ఒరగదు అత్తయ్యా. చెప్పకపోతే రోజూ ఆ పంపు మొహం చూడలేను."

"పంపుకి మొహం కూడానా."

మర్నాడు చెప్పేసింది.

"వ్యాసం పంపేశాక చెప్తారేంటమ్మా?" అన్నారు ప్రొఫెసర్ గారు.

"పంపేముందు నన్నెవరూ అడగలేదండి."

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"మీటరుకి తెలుసండి."

గాలి దూరే అతుకులోని రాగి వలయం మార్చాక పంతొమ్మిది ఆనవాలు లేకుండా పోయింది. ప్రొఫెసర్ గారు వ్యాసం వెనక్కి తెప్పించుకుని, "నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉంది" అని మీటింగులో సెలవిచ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన ముందుచూపుకు తలలూపారు. పొడిగింపు కాగితం మీద సంతకమూ పెట్టారు, ఏడాది అన్న మాట కొట్టేసి ఆరు నెలలు చేసి.

పంపక్క ఇప్పుడు ఆ ఆరు నెలల్లో నాలుగో నెలలో ఉంది.