పిచ్చుక కొలత

దుకాణంలో అందరూ ఆమెను పిచ్చుక అనేవారు. ముప్పై ఆరేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. అయినా బస్సెక్కితే కండక్టరు ఇప్పటికీ అర టిక్కెట్టు చింపబోతాడు. కొలతలిచ్చి కుట్టించుకునేవాళ్ళు వచ్చే ఆ గౌన్ల దుకాణంలో గుడ్డ కోసే పని ఆమెది. ఖరీదైన గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు చవక కోరా గుడ్డతో నమూనా కుట్టాలి, వేసుకునే మనిషికే దాన్ని తొడగాలి, గుండుసూదులు గుచ్చి చూడాలి. అది కానిదే ఆమె చెయ్యి కదలదు. పద్దెనిమిదేళ్ళుగా అదే పద్ధతి.

ఊళ్ళో వాళ్ళందరి ఛాతీలకూ అమరేలా గుడ్డ కోసే ఆ చేతులు సొంత చొక్కాలో మాత్రం రెండు పొరల స్పాంజి పెట్టి కుట్టుకునేవి. రెండో బిడ్డ పాలు మానేశాక ఉన్న కాస్తా పోయింది. స్పాంజి అవసరం లేని చొక్కా ఒక్కటి వేసుకోవాలని ఆమె ఆశ. అందుకే రొమ్ములకు ఆపరేషను చేయించుకుందామనుకుంది. ఎందుకమ్మా ఈ వయసులో అని అడిగేవాళ్ళకు కొదవ లేదు. బట్టతల మగవాడు జుట్టు నాటించుకొస్తే ఎవరూ కారణం అడగరు, ఎక్కడ చేయించావు అని అడుగుతారు. ఆడమనిషి తన ఒంటి గురించి తాను ఒక మాట అనుకుంటే చాలు, ఇంటిల్లిపాదికీ సంజాయిషీ ఇచ్చుకోవాలి.

అనుమానం ముందు ఇంట్లోనే మొదలైంది. ఎవరికోసమీ సింగారం అని మొగుడు రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు టీవీ మీంచి చూపు తిప్పకుండానే నీ ఒళ్ళు నీ ఇష్టం అనేశాడు. అదే దుకాణంలో మిషను కుట్టే వదినకు మాత్రం అతని మీదే అనుమానం. వాడేదో అని ఉంటాడు, చెప్పు పిచ్చుకా, అని వారం రోజులు చెవిలో జోరీగలా వదల్లేదు. ఎవరూ ఏమీ అనలేదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు.

క్లినిక్కులో అంతా అద్దాలు, అగరొత్తులకంటే ఖరీదైన వాసన. డాక్టరు వచ్చే వారం చూస్తారట, సైజు మాత్రం ముందే తేల్చాలట. ఆ తేల్చే పని వచ్చినవాళ్ళకు సలహా చెప్పే కౌన్సిలర్ది. నవ్వు చెరగని చిన్న వయసు పిల్ల. సాగే బాడీ ఒకటి తొడిగించి, అందులో జిగురుముద్దల్లాంటి నమూనాలు రెండు దోపి, పిచ్చుకను నిలువుటద్దం ముందు నిలబెట్టింది.

“మీలాంటి సన్నటివాళ్ళకి మూడు వందల పాతిక సీసీ అయితే చక్కగా ఉంటుంది మేడం. చిన్నవి పెట్టించుకున్నవాళ్ళందరూ తర్వాత, అయ్యో ఇంకాస్త పెద్దవి పెట్టించుకోవాల్సింది అని బాధపడతారు.”

అంటూనే కాగితం మీద 325 అని రాసేసింది. టేపు ముట్టుకోలేదు. పిచ్చుక కళ్ళు ఆమె చేతుల మీదే ఉన్నాయి. కొలవకుండా నంబరు రాసే దర్జీని అయితే పిచ్చుక దుకాణం యజమాని ఆ పూటే ఇంటికి పంపేవాడు.

బయట సోఫాలో పక్కన కూర్చున్నావిడ బీరువాలాంటి మనిషి. భుజాల వెడల్పులో పిచ్చుకలు ఇద్దరు పడతారు. ఆవిడ ఒళ్ళో కాగితం ఉంది. పిచ్చుక ఓరకంట చూసింది. 325.

అక్కడ పట్టుకుంది అనుమానం పురుగు. కొట్లో అందరికీ ఒకటే సైజు అని రాసి అమ్మే బట్టలు ఆమెకు బాగా తెలుసు. అవి ఎవరికీ సరిపోవు, చిన్నవాళ్ళకు అసలే సరిపోవు. అద్దం మీద కూడా అనుమానం వచ్చింది. వాళ్ళ దుకాణంలో బట్టలు వేసుకుని చూసే గదిలో అద్దాన్ని యజమాని ఒక పిసరు వెనక్కి వాల్చి బిగించాడు, నిలబడ్డవాళ్ళు పొడుగ్గా కనిపిస్తారని. పిచ్చుక కళ్ళజోడు మర్చిపోయానని లోపలికి వెళ్ళి, సంచిలోని దారానికి బొత్తాం కట్టి అద్దం పక్కన వేలాడదీసింది. దారం అద్దం అంచును ఆసాంతం అంటుకునే ఉంది. అద్దం నిటారుగానే ఉంది. కాస్త సిగ్గేసింది. అద్దం నిజం చెప్పినంత మాత్రాన నంబరు కూడా నిజమేనా అనుకుంటూ బస్సెక్కింది.

ఇంటికెళ్ళి తనకు తెలిసిన పద్ధతే పట్టింది. పిల్లల మందు సీసా మీది గీతల గ్లాసుతో బియ్యం కొలిచి, ఒక్కోదాంట్లో మూడు వందల పాతిక సీసీ పట్టేలా కోరా గుడ్డతో రెండు సంచులు గుండ్రంగా కుట్టింది. అవి బాడీలో పెట్టుకుని మూడు రోజులు పనికెళ్ళింది. కోత బల్ల మీదికి వంగితే మోచెయ్యి తగిలేది. చంక కింద సంచి అంచు ఒరుసుకుని ఎర్రగా కందింది. రెండో రోజు ఆమె గుమ్మంలో అడుగు పెడుతుంటే వదిన మిషను ఆపి, “నీకన్నా ముందు అవి వస్తున్నాయే లోపలికి,” అంది.

తర్వాత రెండు వందలవి కుట్టింది. ఆ రోజంతా ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రం దుకాణం మూస్తుంటే వదిన ఒకసారి ఎగాదిగా చూసి, చొక్కా కొత్తదా, బాగుందే అంది. చొక్కా పాతదే.

క్లినిక్కు వాళ్ళిచ్చిన పుస్తకం అప్పుడు తీసి చదివింది. ముందు పేజీల నిండా నవ్వే ఆడవాళ్ళు. ఆఖరి పేజీలో చీమల్లాంటి అక్షరాలతో ఒక పట్టిక. ఏ సైజుకు అడుగుభాగం ఎంత వెడల్పో అందులో ఉంది. మూడు వందల పాతికకు పన్నెండున్నర సెంటీమీటర్లు. ఆమె మెడలోంచి టేపు తీసి, రొమ్ము ఎముక అంచు నుంచి చంక కిందికి తిరిగే చోటు దాకా ఒక్కో వైపూ కొలుచుకుంది. పదకొండు. మళ్ళీ కొలిచింది. పదకొండే. పదకొండు సెంటీమీటర్ల చోట్లో పన్నెండున్నర పెడితే మిగిలిన ఒకటిన్నర ఎక్కడికి పోతుంది? చంకలోకైనా పోవాలి, మధ్యలోకైనా తోసుకు రావాలి. గుడ్డయితే కుట్టు విప్పి మళ్ళీ కుట్టొచ్చు.

వారం తర్వాత డాక్టరు గదిలో పెద్ద బల్ల, గోడ నిండా సర్టిఫికెట్లు. కౌన్సిలర్ పక్కనే నిలబడింది. డాక్టరు కాగితం చూసి తలాడించి సంతకానికి పెన్ను తీశాడు. పిచ్చుక సంచిలోంచి నాలుగు బియ్యం సంచులూ టేపూ తీసి బల్ల మీద పెట్టింది.

“ముందు కొలవండి డాక్టరుగారూ. కొలిచింది కాగితం మీద మీ చేత్తో రాయండి. తర్వాత సంతకం.”

డాక్టరు బియ్యం సంచుల్ని చేత్తో ఎత్తి చూసి నవ్వాడు. నర్సును పిలిచి, తన సొంత కొలబద్దతో కొలిచి, కొత్త కాగితం మీద రాశాడు. పదకొండు. చర్మం చిటికెతో పట్టి చూసి, పలచగా ఉంది, పెద్దది పెడితే అంచులు పైకి తేలతాయి, బరువుకి కిందికి జారతాయి, రెండు వందల దరిదాపుల్లో ఉండాలి అన్నాడు. ఇవి ఒకసారి పెట్టించుకుంటే జన్మంతా ఉండేవి కావని, ఎప్పుడో మార్పించుకోవాల్సి రావచ్చని కూడా ఆమె అడిగాకే చెప్పాడు.

“మరి ఇది ఎవరు రాశారు?” 325 మీద వేలు పెట్టి అడిగింది పిచ్చుక.

కౌన్సిలర్ డాక్టరు వంక చూసింది. “అంటే... అందరికీ అదే కదా సార్. స్టాకులో ఆ పెట్టెలే ఎక్కువున్నాయని మీరే...”

డాక్టరు కోప్పడలేదు. దగ్గాడు. పిచ్చుక చూసింది ఆ దగ్గునే. తెలియనివాడైతే కోప్పడేవాడు. సంతకం పెట్టిన ప్రతి కాగితం మీదా ఒకే నంబరు ఉంటే అది అందరికీ ఎలా సరిపోతుందని ఈ మనిషికి అనుమానం రాలేదా, రాకూడదనుకున్నాడా?

తేదీ ఎప్పుడు వేసుకుందామమ్మా అన్నాడు డాక్టరు, గొంతులో ఇప్పుడు కాస్త మర్యాద. ఆమె తన కొలత ఉన్న కాగితం మడిచి, టేపుతో పాటు సంచిలో పెట్టుకుంది. పాత కాగితం అడిగి తీసుకుని నాలుగు ముక్కలు చేసింది.

“చేయించుకుంటానండీ, కానీ ఇక్కడ కాదు. ఇంకో డాక్టరు కూడా పదకొండు అని రాస్తే అప్పుడు.”

బయట సోఫాలో పాతికేళ్ళ పిల్ల ఒకతె కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. ఇంచుమించు పిచ్చుక అంతే ఉంది. ఒళ్ళో కాగితం ఉంది. పిచ్చుక గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి ఆ పిల్ల పక్కన కూర్చుంది. కాగితం మీది నంబరు చూసింది. సంచిలోంచి టేపు తీసింది.

“నిన్ను ఎవరైనా కొలిచారా అమ్మా?”

ఆ పిల్ల లేదన్నట్టు తలూపింది.

“అయితే లే. పక్కన బాత్రూముంది, రా.”