ఆప్షన్లు పెట్టాల్సిన ఆఖరి రోజు

పూతలపట్టు క్రాసులో నేను ఆన్‌లైన్ సెంటర్ పెట్టి అప్పటికి రెండేళ్ళు. ఉండేది ఒక్కటే కంప్యూటరు.

ఆ మధ్యాహ్నం ఒక తల్లీకూతుళ్ళు వచ్చినారు. తల్లి టమోటా తోటల్లో కూలికి పోతుంది. కూతురికి నర్సింగులో ర్యాంకు వచ్చింది. ఏ కాలేజీలు కావాలో వరసగా పెట్టాలి. సాయంత్రం అయిదుకల్లా సైటు మూసేస్తారు.

లాగిన్ అయి, కాలేజీల జాబితా తెరిచీ తెరవగానే బ్రౌజర్ దానంతటదే మూసుకుపోయింది. మళ్ళీ తెరిచినాను. మళ్ళీ అంతే. హిస్టరీ అంతా తుడిచేసినాను. బ్రౌజర్ తీసేసి కొత్తగా వేసినాను. ఏమీ మారలేదు. మూడున్నరైంది.

"మా పాప ర్యాంకు నంబరేమన్నా పోయిందా మేడమ్?" అంది తల్లి.

"నంబరుకేం కాలేదమ్మా. ఈ కంప్యూటరే మొరాయిస్తా ఉండాది" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

అప్పుడు కూతురు మెల్లిగా అంది. "అక్కా, మూసుకుపోయే ముందు స్క్రీను ఒకసారి నల్లగా అవుతా ఉండాది. కింద మూలన ఏందో వచ్చి పోతాంది, సూడు."

ఈసారి కళ్ళు అక్కడే పెట్టినాను. డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి మళ్ళీ మొదలైందని ఉంది. కొన్ని వారాలుగా అది కనబడుతూనే ఉంది, నేనే చదవకుండా మూసేస్తున్నాను. సిగ్గేసింది.

తిరుపతిలో కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు ఫోన్ చేసినాను.

"బ్రౌజర్ తప్పేం లేదక్కా" అన్నాడు. "స్క్రీన్ మీద బొమ్మ చూపించే సాఫ్ట్‌వేరే ఆ డ్రైవరు. బ్రౌజర్ కొత్తదైంది, అది పాతదిగానే ఉండాది. రెండిటికీ పొసగడం లేదు. నీ కంప్యూటరు కంపెనీ సైటులోంచి కొత్త డ్రైవరు దించుకో."

దించి, ఇన్‌స్టాల్ నొక్కినాను. సగంలో స్క్రీన్ మొత్తం నల్లబడింది. ఆ మాటే ఆయనకు చెప్పినాను. "ఏమీ ముట్టుకోవద్దు, వస్తుంది" అన్నాడు ఫోన్లో. వచ్చింది. రీస్టార్ట్ చేసి ఆ పేజీ తెరిచినాను.

జాబితా నిలబడింది. పైకీ కిందికీ జరిపినాను. స్క్రీను నల్లబడలేదు, బ్రౌజర్ మూసుకుపోలేదు. ఆ పిల్ల తిరుపతి కాలేజీలు మొదట, చిత్తూరువి తర్వాత చెబుతుంటే ఒక్కొక్కటే పెట్టినాను. అయిదుకు ఇరవై నిమిషాలుండగా సబ్మిట్ అయింది.

ప్రింటు చేతికిచ్చేదాకా ఆ తల్లి కుర్చీలో కూర్చోనే లేదు. అప్పుడు కూలబడి, చదవడం రాకపోయినా కాగితాన్ని చాలాసేపు చూసింది. నేనూ కంప్యూటరు ముందు నుంచి లేచిపోయి, గడపలో నిలబడి, బస్సులు పోయేది చూస్తా తీరిగ్గా నీళ్ళు తాగినాను.