ఒంటి గేరు మీద ధర్మసాగర్

సన్మానం అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఆ ఆదివారం పొద్దున ఏడు కాకముందే సికింద్రాబాద్‌లో రైలెక్కానంటే అది మా అక్క కూతురు స్రవంతి కోసం. నా పక్క సీట్లో యోహెన్ అనే జర్మన్ కూర్చున్నాడు. అరవై దాటినవాడు, తాటిచెట్టంత పొడుగు, మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతున్నాడు. ఒకప్పుడు సైకిల్ పందాలే వృత్తిగా బతికినవాడు. నాకు జర్మన్ పాఠాలు, తర్జుమాలే బతుకుతెరువు కాబట్టి దుబాసీగా నన్ను పట్టుకొచ్చారు.

కాజీపేట వైపు ఒక సైకిల్ సంఘం ఉంది. వాళ్లు ధర్మసాగర్ దారిలో పందెం పెట్టి, ఈయన్ని సన్మానానికి పిలిచారు. ఈయన ఉత్తరాదిలో ఒక శిక్షణ శిబిరం నడుపుతున్నాడు. అందులో ఒక అమ్మాయికి చోటు ఖాళీగా ఉంది. పందాల్లో తొక్కే మా స్రవంతి సంగతి చెబితే, "తొక్కుతుండగా కళ్లారా చూడాలి. వీడియోలు నమ్మను" అన్నాడు. అటు మా బావ వరంగల్‌లో మరమగ్గాల మీద పనిచేస్తాడు. ఈ పందెంతో ఏదో ఒకటి తేలకపోతే సోమవారం నుంచి హన్మకొండలో చీరల దుకాణంలో చేరాల్సిందేనని బిడ్డకు ఖరాఖండిగా చెప్పేశాడు. ఆయన్ని ఏమనగలను? మూడేళ్లుగా సైకిలూ టైర్లూ అంటూ ఆయన చొక్కా కొనుక్కోవడం కూడా మానేశాడు.

భువనగిరిలో ఒక పెద్దమ్మ ఎక్కి మా ఎదుట కూర్చుంది. ఇడ్లీ పొట్లం విప్పుతూ యోహెన్‌ను ఎగాదిగా చూసింది.

"ఏం పని జేస్తడు బిడ్డా ఈ సారు?"

"సైకిల్ తొక్కేవాడు పెద్దమ్మా."

"గంతేనా? మా మామ చీరల మూట కట్టుకొని జిందగంత సైకిలే తొక్కిండు. ఆయనకెవ్వలు శాలువ గప్పలె!"

తర్జుమా చేసి చెప్పాను. యోహెన్ పగలబడి నవ్వి, ఆ మామగారి పనీ తన పనీ ఒకటేనన్నాడు. జనగామ దాటేదాకా తన కథ చెప్పాడు. యవ్వనమంతా గోడలా వాలి ఉండే చెక్క ట్రాక్ మీద గుండ్రంగా తిరిగాడట. ఆ సైకిల్‌కు బ్రేకులుండవు, గేరు ఒక్కటే, చక్రం తిరిగినంతసేపూ కాళ్లు తిరగాల్సిందే. ఆరేసి రోజులు సాగే పందాల్లో జనం బీరు తాగుతూ, తింటూ చూస్తుంటే వీళ్లు మధ్యలో తిరుగుతూనే ఉండేవాళ్లట. తర్వాత రోడ్డు పందాల జట్టులో చేరాడు. అక్కడ ఈయన పని గెలవడం కాదు. ముందుండి గాలిని తన ఛాతీ మీద కాసుకుంటే, వెనక దాక్కున్న జట్టు నాయకుడు చివర్లో దూకి గెలిచేవాడు. మంచినీళ్ల సీసాలు మోసేదీ ఈయనే. "రోడ్డు మీద ఒక్క పందెం కూడా గెలవలేదు" అన్నాడు, అదేదో ఊళ్లో అందరికీ తెలిసిన సంగతిలా.

కాజీపేటలో దిగేసరికి తొమ్మిది దాటింది. కారు పంపారు, అంతవరకు మర్యాద. ధర్మసాగర్ చేరేసరికి దారి పొడుగునా ఫ్లెక్సీలు. యోహెన్ మొహం తలుపంత, ముఖ్య అతిథిగా రావాల్సిన రాజకీయ పెద్దాయన మొహం ఇల్లంత. కింద 'ప్రపంచ విజేత' అని అచ్చేశారు. నేను అడిగితే సంఘం కార్యదర్శి, "ఏదో ఒకటి గెలిచే ఉంటడు గద మేడం, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. పందెం తొమ్మిదిన్నరకు మొదలు కావాలి. జెండా ఊపాల్సిన పెద్దాయన రాలేదు. ఆయన రాకుండా ఊపితే ఆకాశం ఊడిపడుతుంది కాబట్టి నలభై మంది పిల్లలు ఎండలో నిలబడ్డారు. ఆయన పదకొండుకు వచ్చాడు. సిగ్గా, శరమా? వచ్చి, "ఇంకా మొదలువెట్టలేదా?" అని ఎదురడిగాడు.

ఇక ఫోటోల తంతు. పందెంలో ఉన్న ఒక్క ఆడపిల్ల అని స్రవంతిని మొదటి వరసలో నిలబెట్టారు. ఆ తర్వాత జరిగినదాన్ని యోహెన్‌కు ఏ భాషలో చెప్పాలో నాకు తెలియలేదు. దిష్టి పోవాలని గుమ్మడికాయకు కుంకుమ దట్టించి, కర్పూరం వెలిగించి, ముమ్మారు తిప్పి, సరిగ్గా గీత మీద పగలగొట్టారు. పందెం బయలుదేరే గీత మీదే! గుజ్జు, గింజలు, నీళ్లు, కుంకుమ అన్నీ సన్నటి టైర్ల ముందు. నేను "ఆగండి, ఊడ్చండి" అని అరుస్తూనే ఉన్నాను, పెద్దాయన జెండా ఊపేశాడు. మొదటి వరస మొత్తం అరటితొక్క మీద కాలేసినట్టు జారింది. అందరికంటే కింద స్రవంతి.

"దిష్టి మొత్తం పోయినట్టే" అన్నాడు కార్యదర్శి, చేతులు దులుపుకుంటూ. వాడి బుర్రకు ఏ దేవుడు దిష్టి తీయాలో!

మిగతావాళ్లు లేచి వెళ్లిపోయారు. స్రవంతి మోచేయి గీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఆ పిల్ల దాన్ని చూసుకోలేదు, వెనకచక్రం దగ్గర గొలుసును మార్చే గేరు కొక్కెం వంగిపోయింది, దాన్నే చూస్తోంది. "చిన్నమ్మా, గొలుసు నిలుస్తలేదు" అంది. యోహెన్ రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చున్నాడు. కొక్కాన్ని చేత్తో కాస్త వంచి, గొలుసును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి మారుస్తూ చూశాడు. నాలుగో చోట గొలుసు జారకుండా నిలిచింది.

"ఇక గేరు ముట్టుకోవద్దని చెప్పు. నేను సగం జీవితం ఒక్క గేరు మీదే తొక్కాను."

చెప్పాను. స్రవంతి ముక్కు తుడుచుకుని ఎక్కేసింది. ఆమె బయలుదేరేసరికి గుంపు కనుచూపులో లేదు.

మేం కారులో వెనకాలే పోదామంటే కార్యదర్శి చేతులు అడ్డం పెట్టాడు. వేదిక, కుర్చీలు, శాలువాలు సిద్ధంగా ఉన్నాయట. "పోరిదేముంది మేడం, రోజూ తొక్కుతది. సార్‌కు సన్మానం జరగాలె గద!" ఈడ్చుకెళ్లి కూర్చోబెట్టారు. ఒకరి తర్వాత ఒకరు శాలువాలు కప్పారు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ మనిషి ఉడికిపోతున్నాడు. పెద్దాయన మైకు అందుకుని, "నేను గూడ చిన్నప్పుడు సైకిల్ తొక్కిన. ఇయ్యాల ఇక్కడున్ననంటే గా సైకిలే కారణం" అని మొదలుపెట్టాడు. ఆయన ఇక్కడికి వచ్చింది మూడు కార్లలో. రెండున్నరకు మా తిరుగు రైలు. అక్కడ రోడ్డు మీద స్రవంతి ఒక్కతే తొక్కుతోంది, చూడాల్సిన రెండు కళ్లూ ఇక్కడ శాలువాల కింద ఉన్నాయి.

యోహెన్ నా వైపు వంగి, "ఏమంటున్నాడు?" అన్నాడు.

"కార్యక్రమం అయిపోయింది, మీరిక బయలుదేరవచ్చు అంటున్నాడు" అన్నాను.

పాపం, నమ్మాడు. లేచి, సభకు రెండు చేతులా దండం పెట్టి, మెట్లు దిగిపోయాడు. పెద్దాయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. పాతికేళ్లుగా తర్జుమా చేస్తున్నాను, అంత తృప్తినిచ్చిన వాక్యం ఇంకోటి లేదు.

డ్రైవరు బెదిరిపోయాడు. "మేడం, పెద్దసారు ఇంకా మాట్లాడుతాండు గద?"

"మాట్లాడనీ. నువ్వు పోనియ్."

చెరువు పక్క మలుపు తిరిగాక కనిపించింది. ఎదురుగాలి, తల దించి తొక్కుతోంది. అప్పటికే వెనకబడ్డ ఇద్దరు కుర్రాళ్లను అందుకుంది. వాళ్లు సిగ్గులేకుండా ఆమె వెనక చక్రానికి అతుక్కుని, గాలంతా ఆమె మీద పడేసి హాయిగా వస్తున్నారు. యోహెన్ కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ, "పదేళ్లు నేను చేసిన పని" అన్నాడు. నవ్వలేదు. ఎత్తు వచ్చింది. కుర్రాళ్లు గేర్లు మార్చుకున్నారు. ఈమెకు మార్చడానికి ఏముంది? సీటు మీంచి లేచి, నిలబడి తొక్కింది. ఎత్తెక్కేసరికి వెనక ఇద్దరూ లేరు.

ముగింపు గీత దగ్గర మనిషి లేడు. అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. స్రవంతి సైకిల్ మీద వాలిపోయి, "చిన్నమ్మా, నేనెన్నోదాన్ని?" అంది. చెప్పే దిక్కు లేదు.

యోహెన్ అడిగింది ఒక్కటే. "గేరు ముట్టుకున్నావా?"

"లేదు సార్. కాళ్లయితే మస్తు మండినయ్."

ఆయన తలూపి కారెక్కాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

రైలు కదిలాక పులిహోర పొట్లాలు విప్పాం. వరంగల్ వైపు సైకిల్ పందాలకు వెళ్లాలనుకునే వాళ్లకు నేను చెప్పేది ఇంతే. రైలు బాగుంటుంది, చెరువుగాలి బాగుంటుంది, పులిహోర ఇంకా బాగుంటుంది. జెండా ఊపేవాళ్ల దరిదాపుల్లో మాత్రం నిలబడకండి. పిల్లలు ఏదైనా సాధిస్తే అది వీళ్ల వల్ల కాదు, వీళ్లను దాటుకుని.

ఘనపూర్ దగ్గర యోహెన్ చేతులు తుడుచుకుని, "ఆ అమ్మాయిని రమ్మను. గుంపులో ఉండి ఉంటే నా కంటికి ఆనేది కాదు. గాలిలో ఒంటరిగా ఉంది కాబట్టి చూడగలిగాను" అన్నాడు.

వెంటనే బావకు ఫోన్ చేశాను. మగ్గాల చప్పుడులో ఏమీ వినపడలేదు. రెండుసార్లు అరిచాను. "ఆ పొడుగాయన రమ్మన్నాడు బావా! మన స్రవంతిని రమ్మన్నాడు!"

చప్పుడు ఆగిపోయింది. ఇంట్లో చావు కబురొచ్చినా షిఫ్టు మధ్యలో మగ్గం ఆపని మనిషి.

"సుజాతా," అన్నాడు, "ఆడ చలి బాగుంటదా? బిడ్డకు స్వెటర్ లేదు."